శనివారం రాసిన ఆదివారం

మా బిటర్ ఫోర్క్ లోయలో ఒకరిని దేవుని మనిషి అనాలంటే కొన్ని గుర్తులుండేవి. సారా ముట్టకూడదు. నోట బూతు రాకూడదు. ఆదివారం పనిముట్టు పట్టకూడదు. ఎల్కానా స్టిల్ట్‌నర్‌లో ఈ గుర్తులన్నీ ఉండేవి, పైన ఇంకొన్ని కూడా. గని సమ్మెలో ఉన్న ఏడు తన బంగాళాదుంపల గుంత తెరిచి, ఎవరికి ఎంత కావాలంటే అంత తవ్వుకోమన్నాడు. చలికాలంలో మొగుడు పోయినవాళ్ల వాకిట్లో కట్టెలు పేర్చి, తలుపు తట్టకుండా వెళ్లిపోయేవాడు. పొద్దున లేచి చూసుకున్నవాళ్లు దేవుడే పంపాడనుకునేవాళ్లు. ఆయనకూ అలా అనుకుంటేనే ఇష్టం.

ఆయన చనిపోయి నాలుగేళ్లయింది. ఇక్కడ అందరూ ఆయన గురించి మంచే చెబుతారు. నేనూ మంచే చెబుతాను, అయితే మొత్తం చెబుతాను.

మూడో నంబరు గనిలో ఎల్కానా పని పేలే గ్యాసు ఉందేమో చూడటం. షిఫ్టు దిగకముందే ఒంటరిగా లోపలికి వెళ్లి, చేతిలో దీపంతో, బొగ్గు కోసే ప్రతి చోటుకీ నడవాలి. గ్యాసు ఉంటే దీపంలో మంట పొడుగ్గా సాగి చుట్టూ నీలి అంచు కడుతుంది. లేకపోతే గోడ మీద సుద్దముక్కతో తన పేరు పొడి అక్షరాలు, తేదీ, వేళ రాయాలి. పైకొచ్చి దీపాల గదిలో పుస్తకంలో అదే రాసి సంతకం పెట్టాలి. ఆ సుద్దరాత కనిపించాకే కూలీలు లోపల అడుగు వేస్తారు. ఇంకెవరి రాతైనా కనిపిస్తే మా నాన్నలాంటి పాతకాపులు తామూ ఒకసారి దీపం ఎత్తి చూసుకునేవాళ్లు. కుడివైపు వాలిన అక్షరాల్లో ‘ఇ.ఎస్.’ అని కనిపిస్తే మాత్రం చూసుకునేవాళ్లు కాదు. చూస్తే ఆయన్ని అనుమానించినట్టు ఉండేది.

మా తప్పు అక్కడే మొదలైంది. గ్యాసు చూడాల్సింది దీపంతో. మేం మనిషి భక్తితో చూశాం. ఈ సంగతి మాకంటే ముందు కంపెనీ కనిపెట్టింది. తాగుబోతు రాసిన రాతను నలుగురూ ప్రశ్నిస్తారు, ఎల్కానాలాంటి చర్చి సంఘ పెద్ద రాసిన రాతను ఎవరూ ప్రశ్నించరు. కాబట్టే లోయలో ఉన్న మూడు గనుల్లోనూ గ్యాసు చూసే పని ఎప్పుడూ ఎవరో ఒక సంఘ పెద్దదే. అది భక్తికి దక్కిన గౌరవమని మేం పొంగిపోయేవాళ్లం.

పంతొమ్మిది వందల డెబ్బై ఒకటి మార్చిలో కంపెనీ ఆదివారం మధ్యాహ్నం కూడా ఒక షిఫ్టు పెట్టింది. మూడింటికి దిగాలి. ఆ షిఫ్టుకు గ్యాసు చూడాలంటే పన్నెండింటికి గనిలో ఉండాలి, అంటే మందిరంలో ఆరాధన సగంలో ఉన్న వేళ. ఎల్కానా సూపరింటెండెంటు దగ్గరకు వెళ్లి, ఆదివారం రానని, పని తీసేసినా సరేనని చెప్పాడు. అక్కడ జరిగిన మాటలు చాలా ఏళ్ల తర్వాత ఆయనే మాకు చెప్పాడు.

“నిన్నెవరు రమ్మన్నారు, బ్రదర్?” అన్నాడట సూపరింటెండెంటు. “పోయి ప్రార్థన చేసుకో. నా పేరు మీద కూడా ఒక మాట వెయ్యి. శనివారం సాయంత్రం ఎలాగూ లోపలికి పోతావు కదా? అప్పుడే ఆదివారం తేదీ వేసెయ్. ఒక్క పూటకి కొండేమైనా మారిపోతుందా?”

ఎల్కానా ఆ ఏర్పాటు దేవుడే చేశాడనుకున్నాడు. దేవుని దినం కాపాడాలనుకుంటే దేవుడే దారి చూపించాడని ఇంటికొచ్చి భార్య ఓమాతో చెప్పుకుని, మోకాళ్ల మీద పడి కృతజ్ఞత చెప్పాడు.

మూడో ఆదివారం, షిఫ్టు దిగిన గంటకే గని పేలింది. ఆరుగురు పోయారు.

శవాలు తేవడానికి లోపలికి దిగినవాళ్లలో ముందున్నది ఎల్కానానే. పొగ మసితో గోడలన్నీ నల్లబడ్డాయి. ఒక మూల మలుపులో మాత్రం, మంట తాకని చోట, సుద్దరాత తెల్లగా అలాగే ఉంది. ఇ.ఎస్., ఆ రోజు తేదీ, పన్నెండు గంటల పది నిమిషాలు. దాని కింద డెల్మర్ హానకర్ పడి ఉన్నాడు. ఇరవై ఆరేళ్లవాడు.

డెల్మర్ జేబులో ఒక లైటర్ దొరికింది. విచారణకు వచ్చినవాళ్లకు ఇంకేం వెతకాల్సిన పని లేకపోయింది. గనిలో చుట్ట ముట్టించబోయాడు, ఆరుగురినీ చంపాడు, అంతే. ఆ లైటర్‌లో చకుముకి లేదని, చనిపోయిన వాళ్లమ్మ గుర్తుగా దగ్గర పెట్టుకునేవాడని మాలో చాలామందికి తెలుసు. ఉంటే మాత్రం ఏమిటి? గ్యాసు లేని చోట లైటర్ ఏం చేస్తుంది? ఆ ప్రశ్న విచారణలో ఎవరూ అడగలేదు. ఎల్కానాని పిలిచి పుస్తకం ముందుపెట్టారు.

“ఇది మీ రాతేనా?”

“నా రాతే, సార్.”

“మీరు సంఘ పెద్ద కదా?”

“అవునండీ.”

“చాలు, కూర్చోండి.”

పన్నెండు గంటలకు ఎక్కడున్నావని అడగనే లేదు. ఆయనా చెప్పలేదు.

శ్మశానం గేటు దగ్గర కంపెనీ ఒక నల్లరాయి నిలబెట్టింది. దాని మీద ఐదు పేర్లు చెక్కించింది. డెల్మర్ పేరు లేదు. చంపినవాడి పేరు చచ్చినవాళ్ల పక్కన ఎలా చెక్కుతారని కంపెనీవాళ్లు అడిగితే, తల ఊపినవాళ్లలో మా అమ్మ కూడా ఉంది.

ఆ తర్వాత ఎల్కానా గ్యాసు చూడటం మానేసి, పైన బొగ్గు మోసే కన్వేయర్ దగ్గర పనిలో చేరాడు. ఆయన భక్తి మాత్రం రెట్టింపైందని అందరూ అనేవాళ్లు. మా సంఘంలో ఏడాదికోసారి, జులై మూడో ఆదివారం, ఒకరి పాదాలు ఒకరు కడుగుతారు. ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు. నడుముకు పొడవాటి తువ్వాలు కట్టుకుని, రేకు బేసిన్‌తో మోకాళ్ల మీద కూర్చుని కడగాలి. ఏడాదంతా మాట్లాడుకోని అన్నదమ్ములు కూడా ఆ రోజు కలిసిపోతారు. పేలుడు జరిగాక ఎల్కానా వరసగా పది పన్నెండు మంది పాదాలు కడిగేవాడు. తన బూట్లు మాత్రం విప్పేవాడు కాదు. ఎవరైనా బేసిన్ తీసుకుని వస్తే, “నాకొద్దు బ్రదర్, వేలికి పుండుంది” అనేవాడు. ఎనిమిదేళ్లు అదే పుండు. అది ఆయన వినయమనుకున్నాం. కడిగించుకోవడానికి కూడా తాను తగననుకునే మనిషి, ఎంత గొప్పవాడో అనుకున్నాం.

ఆ గదిలోనే ఇంకొకరి పాదాలు కూడా ఎనిమిదేళ్లుగా తడవలేదు. డెల్మర్ తండ్రి ఎన్నిస్ హానకర్. పేలుడు తర్వాత ఆయన చివరి బెంచీకి మారాడు. ఆయన ముందుకు ఎవరూ బేసిన్ తీసుకుపోయేవాళ్లు కాదు.

డెబ్బై తొమ్మిది నాటికి నేను గని కార్మికుల ఊపిరితిత్తుల ఆసుపత్రిలో పని చేస్తూ, ఇంటింటికీ తిరిగి ఊపిరి పరీక్షలు చేసేదాన్ని. ఆ ఏడు వసంతంలో ఒక ఉదయం ఎల్కానా ఇంటికి వెళ్లేసరికి ఓమా తడిగుడ్డతో తలుపు వెనక తుడుస్తోంది. నన్ను చూసి గుడ్డ దాచుకుంది.

“ఏం తుడుస్తున్నావు, పిన్నీ?”

“ఏం లేదులే. మరక.”

గుడ్డ సుద్దపొడితో తెల్లగా ఉంది. సగం తుడిచిన తలుపు మీద ‘ఎస్’ అక్షరం, దాని పక్కన అంకెలు ఇంకా ఉన్నాయి. పేలుడు జరిగిన ఆ తేదీ ఈ లోయలో ఎవరికైనా కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది.

ఓమా కుర్చీలో కూలబడింది. “ఎనిమిదేళ్లుగా తుడుస్తున్నా, వెర్నా. ఒకరోజు తలుపు మీద. ఒకరోజు బల్ల కింద. ఒకరోజు నా పిండి డబ్బా లోపల మూతకి. పొద్దున లేస్తే ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఇంట్లో సుద్దముక్కనేదే లేదు. అన్నీ నేనే కాల్వలో పడేశాను. ఈయన ఫలహారానికి కూర్చుంటే వేళ్లు తెల్లగా ఉంటాయి. తనే చూసుకుని లేచిపోయి కడుక్కొస్తాడు. ఇద్దరం ఒక్క మాట అనుకోం.”

“ఎప్పుడూ అడగలేదా?”

“అడిగితే చెప్తాడు కదమ్మా,” అంది ఓమా. “అదే భయం.”

పెరట్లోంచి ఎల్కానా వచ్చాడు. నేనిచ్చిన గొట్టంలో మూడుసార్లు ఊదాడు. కుడిచేతి వేళ్లు ప్యాంటు జేబులోనే ఉన్నాయి.

మే నెలలో ఎన్నిస్ ఇంటికి వెళ్లాను. ఆయన ఊపిరితిత్తులు రాయిలా అయిపోయాయని డాక్టరు చెప్పాడు. వరండాలో దిండ్లకు ఆనుకుని, ముందు గిన్నెలో చిక్కుళ్లు, మొక్కజొన్న రొట్టె ముట్టకుండా పెట్టుకుని కూర్చున్నాడు.

“ఏం పిల్లా, వచ్చే జులైకి ఉంటానా?”

“ఈ జులై చూద్దాం, తాతా.”

“అబద్ధం చెప్పడం నేర్చుకోలేదు నువ్వు. ఆసుపత్రి ఉద్యోగానికి పనికిరావు,” అని నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గాక అన్నాడు. “వాడి పేరు ఆ రాయి మీద చూసి పోదామనుకున్నాను.”

నాకు రక్తం పొంగింది. సంతకాలు పెట్టించి అర్జీ పంపుదాం, విచారణ మళ్లీ తెరిపిద్దాం, కంపెనీని వదలకూడదు అని ఏకధాటిగా చెప్పేశాను. ఎన్నిస్ ఓపిగ్గా విన్నాడు.

“సంతకాలు ఎవరివి?”

“అందరివీ. సంఘంలో అందరివీ.”

“అలాగా. ఆ ఆదివారం పన్నెండింటికి నువ్వెక్కడున్నావు?”

“మందిరంలో.”

“ఎల్కానా ఎక్కడున్నాడు?”

నేను ఊపిరి గొట్టం సంచిలో సర్దడం మొదలుపెట్టాను.

“చెప్పు పిల్లా. పదహారేళ్లుంటాయి నీకప్పుడు. గుడ్డిదానివేం కాదు.”

“మూడో బెంచీలో,” అన్నాను. “కీర్తన ఎత్తుకున్నాడు.”

“నా పక్కన,” అన్నాడు ఎన్నిస్. “ఆయన ఒక చరణం చెప్తే మనమంతా సాగదీసి పాడాం. పన్నెండు దాటి ఇరవై నిమిషాలు పాడాం. బయటికొచ్చి కోడిమాంసం తిన్నాం. ఆ రోజు మందిరంలో నూట పది మంది ఉన్నారు. గనిలో గోడ మీద మాత్రం ఆయన పన్నెండూ పదికి అక్కడున్నాడని రాసి ఉంది. ఇప్పుడు చెప్పు, నీ అర్జీ మీద ఎవరు సంతకం పెడతారు?”

  ఎనిమిదేళ్లుగా నాకు ఆ సంగతి తెలుసు. తెలుసని నాకే తెలియకుండా ఎక్కడో పాతిపెట్టుకున్నాను. నూట పది మందిమి అలాగే పాతిపెట్టుకున్నాం. ఆయన్ని కాపాడాలనుకున్నామని చెప్పలేను. మమ్మల్నే కాపాడుకున్నాం. ఆయన దేవుని మనిషి కాకపోతే ఇక మా లోయలో ఎవరున్నారు? కంపెనీ మాకేమీ లంచమివ్వలేదు, బెదిరించలేదు. ఆ అవసరం వాళ్లకు రాలేదు.

“నువ్వెందుకు చెప్పలేదు, తాతా? నీ కొడుకు కదా?”

ఎన్నిస్ రొట్టెను వేళ్లతో పొడి చేశాడు.

“కొడుకు పోయాడు. ఆ మనిషి కూడా పోతే నేను ఎవరి వెనక నడిచి దేవుడి దగ్గరికి పోవాలి అనుకున్నాను. నా కొడుకు పేరు అమ్ముకుని నా భక్తి కాపాడుకున్నాను. ఆ పాపం ఎల్కానాది కాదు. నాదే.”

జులై మూడో ఆదివారం ఉక్కపోతగా ఉంది. కిటికీలన్నీ తెరిచి పెట్టారు. కీర్తన మొదలైంది. ఎల్కానా తువ్వాలు కట్టుకుని ఇద్దరి పాదాలు కడిగి మూడో మనిషి దగ్గరకు వెళుతున్నాడు. చివరి బెంచీలో ఎన్నిస్ లేచాడు. గోడ పట్టుకుని, ప్రతి నాలుగడుగులకూ ఆగి ఊపిరి తీసుకుంటూ ముందుకొచ్చి, బల్ల మీది బేసిన్ అందుకున్నాడు. నీళ్లు ఒలికాయి. కీర్తన ఒక్కొక్క గొంతుగా ఆగిపోయింది.

“కూర్చో,” అన్నాడు ఎన్నిస్.

“బ్రదర్ ఎన్నిస్, నీకు ఒంట్లో బాగా లేదు. నేను నీకు కడుగుతా...”

“కూర్చోమన్నాను. బూట్లు విప్పు.”

“నా వేలికి—”

“ఎనిమిదేళ్ల పుండు నేనూ చూడాలి. విప్పు.”

ఎల్కానా కూర్చున్నాడు. లేసులు విప్పబోతే ముడి పడింది. ఎన్నిస్ కిందికి జారి మోకాళ్ల మీద కూర్చుని తనే ఆ ముడి విప్పాడు. మేజోళ్లు తీశాడు. పాదాలు పాలిపోయి తెల్లగా ఉన్నాయి. పుండు లేదు. మచ్చ కూడా లేదు. ఎన్నిస్ కుడి పాదం నీళ్లలో పెట్టగానే ఎల్కానా నోట ఒక శబ్దం వచ్చింది. ఏడుపనలేం. లోపల ఎక్కడో పైకప్పు కూలితే గని నోట్లోంచి గాలి వస్తుందే, అలా ఉంది.

“ఆ ఆదివారం నేను లోపలికి పోలేదు,” అన్నాడు. “శనివారమే రాశాను.”



“తెలుసు,” అన్నాడు ఎన్నిస్, పాదం రుద్దుతూనే. “నా పక్కనే కూర్చున్నావుగా.”

ఎల్కానా తల ఎత్తి చూశాడు. మూడో బెంచీ, దాని వెనక బెంచీ, కిటికీ దగ్గర నిలబడ్డవాళ్లు, ఆడవాళ్ల వైపు మేము. ఒక్కరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. ఆయన ముఖంలో భయం నేను ఆ రోజే చూశాను. ఎనిమిదేళ్లు దాచుకున్న మనిషి, దాచినది అందరి దగ్గరా ఉందని తెలిసిన భయం అది.

“మీ అందరికీ...” అన్నాడు. “ఒక్కరైనా నన్నెందుకు అడగలేదు?”

 ఆయనే చెప్పుకుపోయాడు. సూపరింటెండెంటు అన్న మాటలు, మోకాళ్ల మీద పడి చెప్పిన కృతజ్ఞత, మలుపులో మసి అంటని రాత. “నా రాతేనా అని అడిగారు, నా రాతే అన్నాను. అబద్ధం ఆడలేదని ఇన్నేళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. ఆదివారం కాపాడాననుకున్నాను. ఆరుగురిని దానికి అర్పించాను.”

ఎన్నిస్ రెండో పాదం కూడా కడిగి, తువ్వాలుతో వేళ్ల సందుల్లో తుడిచాడు. సాధారణంగా అప్పుడు ఇద్దరూ లేచి కౌగిలించుకుంటారు. ఎల్కానా చేతులు చాచాడు. ఎన్నిస్ ఆ చేతులు పట్టుకున్నాడు, దగ్గరికి మాత్రం లాక్కోలేదు.

“నీళ్లు పోసినంత మాత్రాన అయిపోదు, ఎల్కానా. నీ చేత్తో రాసిందాన్ని నీ చేత్తోనే దిద్దు. నేను ఉండగా దిద్దు.”

బూట్లు వేసుకోకుండానే లేచాడు ఎల్కానా. పిల్లల వాక్యం తరగతి గదిలోంచి సుద్దముక్క ఒకటి తెచ్చుకుని, శ్మశానం గేటు దాకా వట్టి కాళ్లతో గులకరాళ్ల మీద నడిచాడు. మేమంతా వెనక నడిచాం. నల్లరాయి మీద, ఐదో పేరు కింద, తన కుడివైపు వాలే అక్షరాలతో డెల్మర్ హానకర్ అని రాశాడు. పక్కన వయసు రాశాడు. తన పొడి అక్షరాలు రాయబోయి ఆగి, చేయి దించేశాడు.

ఎన్నిస్ ఆ పేరు మీద చేయి పెట్టలేదు. చెరిగిపోతుందని. ఎదురుగా కుర్చీ వేయించుకుని సాయంత్రం దాకా కూర్చున్నాడు.

మర్నాడు ఎల్కానా పట్నం వెళ్లి వాంగ్మూలం రాసిచ్చాడు. నేను వెంట వెళ్లాను. ఇప్పుడు సంతకాలు దొరికాయి, తొంభై ఏడు. ఆరు నెలలకు జవాబు వచ్చింది. విచారణ ముగిసిందట, కొత్తగా తెరవడానికి కారణం కనిపించలేదట. రాయి తమ సొత్తు కాబట్టి దాని మీద ఉలి పెడితే కేసు వేస్తామని కంపెనీ విడిగా ఉత్తరం పంపింది. సుద్ద గురించి అందులో ఏమీ లేదు. ఆ జవాబు రాకముందే, అక్టోబరులో, ఎన్నిస్ పోయాడు. చివరి రోజుల్లో ఆయన అడిగిందల్లా ఒకటే, వాన పడిందా అని.

వాన పడ్డ ప్రతిసారీ ఎల్కానా వెళ్లి రాశాడు. మంచు కరిగిన ప్రతిసారీ రాశాడు. కొందరు ఆయన్ని పలకరించడం మానేశారు. ఆయన చేసిన పనికంటే, ఆ రోజు తమ ముఖాల్లోకి చూసినందుకు. ఆయన సంఘ పెద్దగా ఉండకూడదని తీర్మానం పెట్టారు, నెగ్గింది. తర్వాత తొమ్మిదేళ్లు చివరి బెంచీలో, ఎన్నిస్ కూర్చున్న చోటనే కూర్చున్నాడు. ఇంట్లో రాతలు ఆగిపోయాయా అని ఒకసారి ఓమాని అడిగాను.

“తేదీ మారింది,” అంది. “ఇప్పుడు ఏ రోజు రాస్తే ఆ రోజు తేదీనే ఉంటోంది. నేను తుడవడం మానేశాను.”

దేవుని మనిషి ఎవరంటే నేనిప్పుడు పాత గుర్తులు చెప్పను. రాయాల్సిన చోటికి నడిచి వెళ్లి చూశాకే రాసేవాడని చెబుతాను. చూడకుండా రాస్తే, నలుగురి ముందు దిద్దేవాడని చెబుతాను. ఎల్కానా బతుకులో మొదటి యాభై ఏళ్లు మేం ఆయన్ని దేవుని మనిషి అన్నాం. చివరి తొమ్మిదేళ్లు ఎవరూ అనలేదు.

ఆయన పోయి నాలుగేళ్లయిందని చెప్పాను కదా. ఓమా ఆయన కంటే ముందే పోయింది. ఈ నాలుగేళ్లలో ఎన్ని వానలు కురిశాయో లెక్కలేదు. నేను రెండుసార్లు వెళ్లి రాశాను. మిగతాసార్లు నేను వెళ్లేటప్పటికే డెల్మర్ పేరు ఆ రాయి మీద ఉంది, తెల్లగా, పొడిగా, కొద్దిగా కుడివైపు వాలిన అక్షరాలతో. సంఘంలో అందరినీ అడిగాను. ఈసారి అడగకుండా ఊరుకోలేదు. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి, ముఖంలోకి చూసి అడిగాను. నేను కాదంటే నేను కాదన్నారు.

నిన్న కూడా వాన పడింది. పొద్దున్నే గొడుగు పట్టుకుని గేటు దాకా వెళ్లాను. రాయి ఇంకా తడిగానే ఉంది. పేరు మీద మాత్రం ఒక్క చుక్క లేదు.